పన్ను తగ్గింది సరే... లోను సంగతేంటి?

కొనకనమిట్ల నుంచి మార్కాపురం వెళ్లే దారిలో ఈసారి ఇళ్ల పైకప్పులు గమనించండి. చాలా ఇళ్ల మీద పిల్లర్ల ఊచలు ఆకాశం వైపు చూస్తూ ఉంటాయి. పై అంతస్తు వేద్దామనుకుని, డబ్బులు చాలక ఆపేసినవి అవి. ఆ ఊచలకు తుప్పు పట్టేలోగా ఇంట్లో పిల్లలు బీటెక్ ముగించి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరతారు. అప్పుడు పండక్కి ఊరొచ్చినప్పుడు మాట మొదలవుతుంది. 'లోను పెట్టి పైన రెండు పోర్షన్లు వేద్దాం. అద్దెలొస్తాయి, ఈఎంఐ వాటితోనే పోతుంది, పైగా నీకు ట్యాక్స్ కూడా తగ్గుతుంది.'

మీ ఇంట్లోనూ ఈ మాట నడుస్తోందా? అయితే ఒక చిక్కు గురించి ముందే తెలుసుకోవాలి. పన్ను తగ్గాలంటే కాగితం మీద ఆదాయం తక్కువ కనిపించాలి. లోను రావాలంటే అదే కాగితం మీద ఆదాయం ఎక్కువ కనిపించాలి. రెండూ ఒకే ఏడాది, ఒకే ఐటీఆర్‌తో కావాలనుకుంటే కుదరదు. అందుకే ఏది ముందు కావాలో లోను అడగడానికి రెండు మూడేళ్ల ముందే తేల్చుకోవాలి.

ఒకే ఫైలు, చదివేది ఇద్దరు

మన భాషలో చెప్పుకోవాలంటే ఐటీఆర్ ఒక డేటాబేస్. దాన్ని రెండు అప్లికేషన్లు చదువుతాయి. ఆదాయపు పన్ను శాఖ 'ఇందులో నాకు రావాల్సింది ఎంత' అని చూస్తుంది. బ్యాంకు 'ఇతను నెలకు ఎంత కట్టగలడు' అని చూస్తుంది. మీరు డేటా ఒక్కసారే ఎంటర్ చేస్తారు. ఒకరికి ఒక అంకె, ఇంకొకరికి ఇంకో అంకె చూపించే వీలుండదు.

మన వైపు అద్దెలు ఇప్పటికీ చాలావరకు చేతికే ఇస్తారు. ఒకటో తేదీనో, జీతం పడిన మర్నాడో కింది పోర్షన్ వాళ్లు పైకొచ్చి ఇచ్చి వెళతారు. బ్యాంకులో పడదు, ఐటీఆర్‌లో ఉండదు. 'చూపించకపోతే పన్ను మిగులుతుంది కదా' అన్నది ఇంట్లో పెద్దవాళ్ల ధైర్యం. లెక్క వేసి చూస్తే, చాలామందికి అక్కడ మిగిలే పన్ను సున్నా. పోయేది మాత్రం లక్షల రూపాయల లోను అర్హత.

నిజానికి అది దాగేది కూడా కాదు. మీ ఇంట్లో ఏ టీచరో, బ్యాంకు ఉద్యోగో అద్దెకుంటూ పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు అడిగితే, ఏడాది అద్దె లక్ష రూపాయలు దాటినప్పుడు ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. నెలకు 8,400 అద్దె అంటేనే లక్ష దాటినట్టు. మీరు రాయని ఆదాయాన్ని మీ పాన్ మీద వాళ్లు రాస్తారు.

అద్దెకు పన్ను ఇలా లెక్కిస్తారు

వచ్చిన అద్దెలోంచి మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేయాలి. మిగిలిన దాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్. సున్నాలు వేయించారా, మోటారు బాగు చేయించారా అని ఎవరూ అడగరు. ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతం పోతుంది. ఆ తర్వాత ఇంటి లోను మీద ఆ ఏడాది వడ్డీ తీసేయాలి. అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ మినహాయింపు మీద పరిమితి లేదు. సొంతంగా ఉండే ఇంటికి పాత విధానంలో 2 లక్షల వరకే.

ఇల్లు కడుతున్నప్పుడు కట్టిన వడ్డీ ఆ ఏడాదే తగ్గించుకోలేరు. ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన భాగాలుగా తగ్గించుకోవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం-2025 అమల్లోకి వస్తుంది కాబట్టి అందరికీ నోటికొచ్చిన 24బి లాంటి సెక్షన్ల నంబర్లు మారతాయి. ఈ లెక్క తీరు మాత్రం అదే.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు మార్పు ఇంకోచోట వచ్చింది. వడ్డీ ఎక్కువై అద్దె పద్దు నష్టంలోకి వెళితే, ఆ నష్టాన్ని పాత విధానంలో జీతంలోంచి ఏడాదికి 2 లక్షల వరకు తగ్గించుకోవచ్చు. మిగిలింది ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే అద్దె ఆదాయంలో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ నష్టం జీతాన్ని తాకదు. 'ఇల్లు కొంటే ట్యాక్స్ తగ్గుతుంది' అని మన సీనియర్లు చెప్పే మాట పాత విధానం నాటిది. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్.

హైదరాబాద్ ఫ్లాటు, మార్కాపురం మేడ

అంకెల్లోకి వెళదాం. మన ఏరియా నుంచి వెళ్లి హైదరాబాద్‌లో పని చేస్తున్న ఒకరికి ఏడాదికి 14 లక్షల జీతం అనుకుందాం. 60 లక్షల ఫ్లాటు కొని అద్దెకిచ్చారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఇంటి లోనుకు ఆస్తి విలువలో 80 శాతమే ఇవ్వాలి. అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు సుమారు 7.5 శాతం అంటే మరో నాలుగున్నర లక్షలు చేతి నుంచి పెట్టాలి.

8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 41,650. మొదటి ఏడాది వడ్డీ దాదాపు 4.04 లక్షలు. అద్దె నెలకు 18,000 అనుకుంటే ఏడాదికి 2.16 లక్షలు. ఇంటి పన్ను 6,000 పోగా 2.10 లక్షలు. దాంట్లో 30 శాతం తీసేస్తే 1.47 లక్షలు. వడ్డీ తీసేస్తే 2.57 లక్షల నష్టం.

పాత విధానంలో ఇందులో 2 లక్షలు జీతంలోంచి తగ్గుతాయి. 50,000 స్టాండర్డ్ డిడక్షన్, పీఎఫ్, ఎల్‌ఐసీ లాంటి వాటి కింద లక్షన్నర కూడా తగ్గించుకుంటే పన్ను వేసే ఆదాయం 10 లక్షలు. సెస్‌తో కలిపి పన్ను 1,17,000. అదే మనిషి కొత్త విధానంలో ఇంటి నష్టం సంగతే ఎత్తకుండా, కేవలం 75,000 స్టాండర్డ్ డిడక్షన్‌తో లెక్కిస్తే 2025-26 శ్లాబుల ప్రకారం పన్ను 81,900.

ఇంకోసారి చూడండి. ఇల్లు కొని, వడ్డీ కట్టి, మినహాయింపులన్నీ వాడుకున్నా పాత విధానంలో పన్ను 35,000 ఎక్కువ! హెచ్‌ఆర్‌ఏ కింద మరో లక్షన్నర తగ్గించుకోగలిగినా 85,800 దగ్గర ఆగుతుంది. హెచ్‌ఆర్‌ఏ ఇంకా ఎక్కువ వచ్చేవాళ్లకు, జీతం బాగా పెద్దదైన వాళ్లకు పాత విధానం లాభించవచ్చు. జీతగాళ్లు ఏటా విధానం మార్చుకోవచ్చు కాబట్టి ఇద్దరి లెక్కా వేసుకోవడంలో నష్టం లేదు. కానీ పన్ను కోసమే ఫ్లాటు కొంటున్నానని ఎవరైనా అంటే, నాకైతే ఈ రోజుల్లో ఆ కారణం నిలబడేలా కనిపించదు. అద్దె 18,000, ఈఎంఐ 41,650. నెలకు 23,000కు పైగా జేబులోంచి పోతుంది. ధర పెరుగుతుందని నమ్మి కొంటే అది వేరే విషయం.

మార్కాపురంలో మీ ఇంటి మీద అంతస్తు వేస్తే లెక్క వేరు. అక్కడ స్థలం కొనక్కర్లేదు. 20 లక్షలతో రెండు పోర్షన్లు వేసి, ఒక్కోటి 7,000కు ఇచ్చారనుకోండి. నెలకు 14,000 వస్తుంది. 20 లక్షలకు 9 శాతం వడ్డీతో 15 ఏళ్లకు ఈఎంఐ సుమారు 20,280. లోటు ఆరు వేల చిల్లర. పెట్టిన ప్రతి రూపాయికీ వచ్చే అద్దె ఇక్కడ ఫ్లాటు కంటే రెట్టింపు పైనే. పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉండే రోజులు కూడా వస్తాయి, అది మాత్రం లెక్కలో పెట్టుకోండి.

బ్యాంకు వేసే లెక్క

ఇప్పుడు ఆ ఫ్లాటున్న మనిషే మార్కాపురంలో మేడ వేయడానికి రెండో లోనుకు వెళ్లారనుకుందాం. చేతికొచ్చే జీతం సుమారు లక్ష. చాలా బ్యాంకులు నెల ఆదాయంలో సగం నుంచి అరవై శాతం దాకా మాత్రమే అన్ని ఈఎంఐలకూ కలిపి పోవచ్చంటాయి. మధ్యస్థంగా 55 శాతం తీసుకుందాం. అంటే 55,000. ఫ్లాటు ఈఎంఐ 41,650 పోగా మిగిలేది 13,350. దానికి 9 శాతం మీద, 15 ఏళ్లకు వచ్చే లోను దాదాపు 13 లక్షలు. ఇరవై కావాలి, పదమూడే వస్తుంది. ఊచలు మళ్లీ ఆకాశం వైపే!

ఫ్లాటు అద్దె 18,000 ఐటీఆర్‌లో ఉండి, ఖాతాలో నెలనెలా పడుతూ, అగ్రిమెంటు చేతిలో ఉంటే? బ్యాంకు మొత్తం అద్దెను లెక్కలోకి తీసుకోదు. ఖాళీ నెలలు, మరమ్మతులు ఉంటాయని కొంత కోస్తుంది. ఎంత కోస్తుందన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. 70 శాతం తీసుకుందనుకుంటే 12,600 కలుస్తుంది. ఆదాయం 1,12,600. దాంట్లో 55 శాతం 61,930. ఫ్లాటు ఈఎంఐ పోగా 20,280. సరిగ్గా 20 లక్షల లోను.

ఆ అద్దె చూపించినందుకు కట్టాల్సిన పన్ను ఎంతో పైన చూశాం. వడ్డీయే ఎక్కువ కాబట్టి సున్నా. ఒక్క రూపాయి పన్ను పడని ఆదాయాన్ని దాచి, దాదాపు ఏడు లక్షల లోను పోగొట్టుకోవడం అన్నమాట. లోను నడుస్తున్న ఇంటి అద్దెను దాచడంలో అర్థమే లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ అద్దె ఇంటి కట్టడం విలువను 27.5 ఏళ్లలో అరుగుదల కింద రాసుకోవచ్చు. అలా రాసుకుంటే పన్ను రిటర్నులో అద్దె ఇల్లు నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే ఆ అరుగుదల కాగితం మీది ఖర్చే, జేబులోంచి పోలేదు కాబట్టి, అప్పిచ్చేవాళ్లు దాన్ని తిరిగి ఆదాయంలో కలుపుతారు. మన 30 శాతం డిడక్షన్ కూడా కాగితం మీది ఖర్చే. దాన్ని తిరిగి కలిపి చూస్తారా, లేక పన్ను వేసే అంకెనే పట్టుకుంటారా అన్నది మన బ్యాంకుల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందే లోన్ ఆఫీసర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి. సమాధానాన్ని బట్టి ఏ బ్యాంకుకు వెళ్లాలో మీకే తెలుస్తుంది.

ఇంకో చిన్న మాట. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదే బుల్లెట్ బండి, కొత్త ఫోను ఈఎంఐల్లో తీసుకుంటాం కదా. నెలకు 5,000 ఈఎంఐ అంటే పై లెక్కలో 4.9 లక్షల లోను తగ్గినట్టే. బండి వద్దనను. మేడ లోనుకు వెళ్లే ముందు ఆ బాకీ తీర్చేసి, క్లోజర్ లెటర్ తీసుకుని, సిబిల్ రిపోర్టులో అప్పు మూసినట్టు వచ్చిందో లేదో చూసుకోండి.

దుకాణం నడిపే ఇంట్లో

జీతగాడి ఆదాయం దాచినా దాగదు. అసలు నష్టపోయేది దుకాణాలు నడిపే కుటుంబాలు. మార్కాపురంలో మీ నాన్న ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నారనుకోండి. ఏడాదికి అమ్మకాలు 36 లక్షలు. సగం నగదు, సగం ఫోన్‌పే, గూగుల్‌పే. ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే అందరూ 44ఏడీ అని పిలిచే దాంట్లో, నగదు అమ్మకాల మీద 8 శాతం, డిజిటల్ అమ్మకాల మీద 6 శాతం లాభంగా చూపిస్తే చాలు. లెక్కల పుస్తకాలు అడగరు. అలా చూపిస్తే లాభం 2.52 లక్షలు. నిజంగా మిగిలింది ఐదున్నర లక్షలు. పక్కనున్న రెండు గదుల అద్దె నెలకు 12,000. అది ఎక్కడా రాయలేదు.

ఈ 6, 8 శాతాలు కనీసం అన్న సంగతి చాలామంది పట్టించుకోరు. అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువ చూపించడానికి అదే పద్ధతిలో దారి ఉంది. తక్కువ చూపిస్తేనే పుస్తకాలు, ఆడిట్ తలనొప్పి. అద్దె మాత్రం వ్యాపారంలో కలవదు, దాన్ని ఇంటి ఆస్తి పద్దు కింద విడిగా రాయాల్సిందే.

2.52 లక్షల ఐటీఆర్‌తో బ్యాంకుకు వెళితే నెలకు 21,000 ఆదాయం. సగం ఈఎంఐకి అనుకుంటే 10,500. 9 శాతం మీద 15 ఏళ్లకు వచ్చేది 10 లక్షల చిల్లర. అదే ఐదున్నర లక్షల లాభం, అద్దెలో 30 శాతం పోగా మిగిలిన 1,00,800 కలిపి 6.5 లక్షలు చూపించి ఉంటే నెలకు 54,000 పైన ఆదాయం. లోను 26 లక్షలు దాటుతుంది. తేడా 16 లక్షలు.

పన్ను ఎంత పెరిగింది? కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు వల్ల పన్ను లేదు. 2.52 లక్షలకూ సున్నా, 6.5 లక్షలకూ సున్నా. 2025 బడ్జెట్‌కు ముందు రిబేటు 7 లక్షల దగ్గరే ఆగేది. అంతకుముందు ఇంకా తక్కువ. ఆ రోజుల్లో అలవాటైన చెయ్యి ఇప్పటికీ అదే అంకె రాస్తోంది. మీ నాన్న ఐటీఆర్ ఎవరు ఫైల్ చేస్తున్నారో, ఏ అంకె వేస్తున్నారో ఈసారి ఊరెళ్లినప్పుడు ఒకసారి అడిగి చూడండి. పోయినేడాది అంకెకు పదివేలు కలిపి వేస్తున్న చోట్లు తక్కువేం కాదు.

వయసు సంగతి కూడా ఉంది. వ్యాపారులకు చాలా బ్యాంకులు 70 ఏళ్లలోపు లోను తీరిపోవాలంటాయి. నాన్నకు 55 అయితే 15 ఏళ్ల గడువు దొరుకుతుంది. ఐటీఆర్‌లు సరిచేసుకోవడానికి మూడేళ్లు పోతే మిగిలేది 12 ఏళ్లు. గడువు తగ్గేకొద్దీ ఈఎంఐ పెరిగి లోను తగ్గుతుంది. ఇది ఆలస్యం చేసేకొద్దీ అరిగిపోయే అవకాశం.

స్థలం నాన్నది, జీతం కొడుకుది

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. స్థలం, కింది ఇల్లు నాన్న పేరున ఉంటాయి. లోను తెచ్చేది, ఈఎంఐ కట్టేది ఉద్యోగం చేసే కొడుకు, లేదా కూతురు. బ్యాంకు ఆస్తి ఉన్న నాన్ననూ లోనులో కలుపుతుంది. మేడ లేస్తుంది, అద్దెలు నాన్న చేతికి వస్తాయి. అందరికీ సంతోషమే.

ఇప్పుడు కాగితాలు చూడండి. వడ్డీ మినహాయింపు ఆస్తిలో హక్కు ఉన్నవాళ్లకే. ఈఎంఐ మీ ఖాతాలోంచి పోయినా, మీరు యజమాని కాకపోతే మీకు ఆ మినహాయింపు రాదు. అద్దె నాన్న ఆదాయం. నాన్నకు వేరే పెద్ద ఆదాయం లేకపోతే దానికి పన్నూ పడదు. పన్ను వైపు పెద్ద నష్టం లేదన్నమాట. దెబ్బ ఇంకో వైపు తగులుతుంది. నాలుగేళ్ల తర్వాత మీరు హైదరాబాద్‌లో సొంతంగా ఉండటానికి ఇల్లు కొనాలనుకుంటారు. మీ సిబిల్‌లో మేడ ఈఎంఐ 20,280 పూర్తిగా కనిపిస్తుంది. దాని మీద వచ్చే 14,000 అద్దె మాత్రం మీ ఐటీఆర్‌లో ఎక్కడా ఉండదు, అది నాన్నది. 8.5 శాతం, 20 ఏళ్ల లెక్కన ఆ ఈఎంఐ ఒక్కటే మీ కొత్త ఇంటి లోనును 23 లక్షలు తగ్గించేస్తుంది.

దీనికి ఒక దారి, లోను తీసుకోకముందే ఆస్తిలో కొంత వాటా మీ పేరున గిఫ్ట్ డీడ్ రాయించుకోవడం. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్ డీడ్‌కు స్టాంపు సుంకం అమ్మకం కంటే తక్కువ. అప్పుడు ఎవరి వాటా అద్దె వాళ్ల ఐటీఆర్‌లోకి, ఎవరి వాటా వడ్డీ వాళ్ల మినహాయింపులోకి వస్తాయి. పెద్దవాళ్లయిన పిల్లలకు ఇచ్చిన ఆస్తి మీద అద్దె పిల్లల ఆదాయమే. అదే భర్త తన డబ్బుతో భార్య పేరున కొనిస్తే, పన్ను లెక్కలో ఆ అద్దె భర్త ఆదాయంలోనే కలుస్తుంది. 'ఆమెకు ఆదాయం లేదు కదా, ఆమె పేరున పెడదాం' అన్న ఆలోచన అందుకే పని చేయదు.

కానీ ఇది ఎక్సెల్ షీటులో తేలే విషయం కాదు. కష్టపడి కొన్న స్థలంలో వాటా రాసివ్వమంటే ఏ తండ్రికైనా ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు. అక్కకో చెల్లికో చెప్పకుండా రాయించుకుంటే తర్వాత వచ్చే గొడవ ముందు ఈ 23 లక్షలు ఏపాటి? వాటా రాయించుకోవడం ఇష్టం లేకపోతే ఇంకో మార్గం ఉంది. నాన్న ఆదాయం సరిగ్గా చూపించి, లోను ఆయన పేరునే తీసుకోవడం. పైన చూసిన దుకాణం లెక్కలో 26 లక్షలకు ఆయన ఒక్కరే అర్హులు. మీరు నెలనెలా డబ్బు పంపండి, మీ సిబిల్ మీద భారం ఉండదు. నాకడిగితే వ్యాపారం ఉన్న ఇళ్లలో ఇదే మేలు.

పొగాకు, బత్తాయి ఆదాయం

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. అందుకని కొందరు అద్దెను కూడా పొలం ఆదాయం కింద రాసేస్తుంటారు. అది తప్పుడు రిటర్నే. పైగా లోనుకూ పనికిరాదు. బ్యాంకు వాళ్లు వన్-బి, అడంగల్ తీసుకుని, మీ పొలంలో అంత పంట పండుతుందా అని చూస్తారు.

నిజంగా ఉన్న వ్యవసాయ ఆదాయాన్ని మాత్రం వదిలేయొద్దు. పొదిలి, కనిగిరి పొగాకు బోర్డు వేలం కేంద్రాల్లో అమ్మిన బేళ్ల డబ్బు రైతు ఖాతాలోనే పడుతుంది. అంతకంటే గట్టి రుజువు ఏముంటుంది? దాన్ని ఐటీఆర్‌లో మినహాయింపు ఆదాయం గడిలో రాస్తే పన్నూ పడదు, బ్యాంకుకూ కనిపిస్తుంది. ఇతర ఆదాయం కూడా బాగా ఉన్నవాళ్లకు పన్ను రేటు తేల్చేటప్పుడు వ్యవసాయ ఆదాయాన్ని కలిపి చూస్తారు, అది గుర్తుంచుకోండి. బత్తాయి, మిర్చి దళారికి అమ్మి నగదు తీసుకున్న వాళ్లకు ఈ సౌకర్యం లేదు. కనీసం పట్టీలు దాచుకోండి.

దీనికి పూర్తిగా తిరగేసిన మోసం కూడా ఒకటుంది. 'లోను కోసం ఐటీఆర్ పెంచి వేసిస్తాం' అనే ఏజెంట్లు ప్రతి టౌనులో ఉంటారు. లేని ఆదాయం చూపించి, మూడేళ్ల రిటర్నులు ఒకే వారంలో దాఖలు చేయిస్తారు. రిటర్ను మీద దాఖలు తేదీ ఉంటుంది, బ్యాంకు ముందు చూసేది అదే. తర్వాత ఖాతా స్టేట్‌మెంటుతో, జీఎస్టీ ఉంటే ఆ అంకెలతో సరిపోల్చి చూస్తుంది. గడువు దాటిన ఏళ్లకు వేసే అప్‌డేటెడ్ రిటర్నుకు ఇప్పుడు నాలుగేళ్ల వరకు సమయం ఉన్నా, అది అదనపు పన్ను కట్టాల్సి వచ్చిన వాళ్ల కోసం. కట్టాల్సిన పన్ను మీద 25 నుంచి 70 శాతం దాకా అదనంగా పడుతుంది. లోను కోసం పాత ఏళ్లకు ఆదాయం అతికించుకునే దారి కాదది.

ఐటీఆర్ కూడా కాపాడలేని చోటు

ఆదాయం బాగుండి, సిబిల్ 750 దాటినా లోను ఆగిపోయే సందర్భం ఒకటుంది. అది ఆస్తి కాగితాల దగ్గర. కొనకనమిట్ల లాంటి మండలాల్లో ఊరి మధ్య ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. తాతల నాటి ఇల్లు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు తప్ప రిజిస్టరు దస్తావేజు ఉండదు. తనఖా పెట్టుకోవడానికి బ్యాంకు లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అనుమతి అడుగుతుంది. స్వామిత్వ పథకం కింద గ్రామ ఇళ్లకు ప్రాపర్టీ కార్డులు ఇచ్చే పని 2020లో మొదలైంది. మీ ఊళ్లో కార్డు వచ్చిందా, దాని మీద మీ బ్యాంకు లోను ఇస్తుందా అన్నది ముందుగా కనుక్కోండి. మార్కాపురం, గిద్దలూరు టౌనుల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోరుకు ప్లాన్ ఉంటుంది, పైదానికి ఉండదు. అనుమతి లేని అంతస్తు మీద ఎంత అద్దె వచ్చినా బ్యాంకు దృష్టిలో ఆ అంతస్తు లేదు. మూడేళ్లు ఐటీఆర్‌లు సరిచేసుకుని, చివర్లో ఇక్కడ ఆగిపోతే ఆ బాధ వేరు. అందుకే దస్తావేజులు ముందు లాయరుకు చూపించి, ఆ తర్వాతే ఆడిటర్ దగ్గరికి వెళ్లడం మంచిది.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

బ్యాంకులు మామూలుగా రెండు లేదా మూడేళ్ల ఐటీఆర్‌లు అడుగుతాయి. ఒక్కసారిగా ఆదాయం రెట్టింపైతే కొన్ని బ్యాంకులు సగటు తీస్తాయి, కొన్ని తక్కువ ఏడాదినే పట్టుకుంటాయి. కాబట్టి ఈ ఏడాది సరైన అంకె వేసినా దాని ఫలం కనిపించేది వచ్చే రెండేళ్లలో. మధ్యలో ఒక ఏడాది వెనక్కి తగ్గితే మళ్లీ మొదటికొస్తుంది.

అద్దె అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం మనకు అలవాటు.  కొన్ని బ్యాంకులకు ఆ 11 నెలల కాగితంతో పాటు ఖాతాలో పడిన అద్దె చూపిస్తే చాలు, కొన్ని రిజిస్టరు లీజే కావాలంటాయి. రెంటికీ ఖాతాలో జమ మాత్రం కావాల్సిందే. వచ్చే నెల ఒకటో తేదీన కింది పోర్షన్ వాళ్లు డబ్బు పట్టుకొస్తే, నాన్న ఫోన్లో క్యూఆర్ కోడ్ తీసి చూపించమనండి. అడ్వాన్సు అద్దెలో కలవకుండా విడిగా వేయించుకోండి, లేదంటే ఏ నెలకు ఎంతో తేల్చలేక లోన్ ఆఫీసర్ మళ్లీ మిమ్మల్నే అడుగుతారు.